ఇంగ్లీషు ముచ్చట్లు: అతని మాట మన నోట



ఒకరి మాట మరొకరికి చేరవెయ్యకుండా మీకు ఒక్క రోజయినా గడుస్తుందా? "అమ్మ అన్నానికి రమ్మంటున్నది" అని నాన్నగారికి చెబుతారు. "మేష్టారు రేపు సెలవన్నారు" అని అమ్మకు చెబుతారు. "తాతయ్య తనకు కాఫీ వద్దన్నాడు" అని అమ్మమ్మకు చెబుతారు. ఈ పనిలో మీకు తడబాటు లేదు. చిన్న చెల్లాయి కూడా ఇట్టే చేసేస్తుంది.

అదే పని ఇంగ్లీషులో చెయ్యమనేటప్పటికి నోటుపుస్తకం నిండా ఎర్రసిరా పడుతుంది. ఎందుచేత? ఇంగ్లీషు బ్రహ్మవిద్య కావటం చేత కాదు. మాటను మోసే పద్ధతి రెండు భాషల్లోనూ వేరు. ఆ తేడా ఒక్కటి పట్టుకున్నారంటే, డైరెక్ట్ స్పీచ్‌ను ఇండైరెక్ట్ స్పీచ్‌గా మార్చటం ఆటలా ఉంటుంది. మీ తెలుగు వ్యాకరణంలో వీటినే ప్రత్యక్ష కథనమనీ, పరోక్ష కథనమనీ అంటారు.

ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు అక్షరాలతోనే ఇస్తున్నాం. ముందు పైకి చదవండి. తరవాత నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోండి. చెవికీ, చేతికీ కూడా పని కలుగుతుంది.

రాము పుస్తకం ఎవరి నెత్తిన పడింది?

మీ తరగతికి తెలుగు రాని టీచరుగారు వచ్చారనుకోండి. రాము ఆవిడ దగ్గర ఒక పుస్తకం తీసుకున్నాడు. సోమవారంనాడు రాము మీతో, "నేను రేపు పుస్తకం తెస్తాను," అన్నాడు. కాని అతను తేలేదు సరికదా, బడికే రాలేదు. గురువారంనాడు టీచరుగారు మిమ్మల్ని పిలిచి, రాము ఏమన్నాడని అడిగారు. మీరు ధైర్యంగా ఇలా చెప్పారు:

"రాము సెడ్ దట్ ఐ విల్ బ్రింగ్ ద బుక్ టుమారో."

టీచరుగారు సంతోషంగా తల ఊపి వెళ్ళిపోయారు. శుక్రవారం పొద్దున్నే మీ ముందుకు వచ్చి చెయ్యి చాచారు. "పుస్తకం ఏది?" అన్నారు.

చూశారా చిక్కు? మీ వాక్యంలో 'ఐ' అన్నది మీరు. అందుచేత పుస్తకం తేవలసింది మీరని ఆవిడ అనుకున్నారు. 'టుమారో' అన్నది గురువారంనాడు. అందుచేత మంగళవారం గడువు కాస్తా శుక్రవారానికి జరిగింది. రాము మాట తప్పిన సంగతి మరుగున పడిపోయింది. తీసుకోని పుస్తకానికి మీరు బాధ్యులయ్యారు. మీరు అబద్ధమాడలేదు, కాని మీరు చెప్పినదీ నిజం కాదు!

చెప్పవలసింది ఇది: "రాము సెడ్ దట్ హీ వుడ్ బ్రింగ్ ద బుక్ ద నెక్స్ట్ డే." 'ఐ' పోయి 'హీ' వచ్చింది. 'విల్' పోయి 'వుడ్' వచ్చింది. 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే' వచ్చింది. ఇప్పుడు పుస్తకం ఎవరు తేవాలో, ఎప్పుడు తేవలసిందో టీచరుగారికి స్పష్టంగా తెలుస్తుంది.

'అని' చేసే మాయ

మరి తెలుగులో ఈ చిక్కు ఎందుకు రాదు? మన దగ్గర 'అని' అనే చిన్న మాట ఉన్నది గనక. "నేను రేపు పుస్తకం తెస్తాను అని రాము అన్నాడు." ఈ 'అని' ఒక సంచీలాంటిది. అవతలివాడు అన్న మాటను ఉన్నదున్నట్టుగా అందులో వేసి మూతి కట్టేస్తే చాలు. విన్నవాడు సంచీ విప్పి రాము మాటను రాము మాటగానే తీసుకుంటాడు. సంస్కృతంలో 'ఇతి' అన్న మాట కూడా ఇదే పని చేస్తుంది. తాటాకుల మీద గంటంతో రాసే రోజుల్లో మనకు కొటేషను గుర్తులు లేవు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో 'అని' చూసే పోల్చుకునేవారు.

తెలుగులో ఇంకొక వింత కూడా చూడండి. అదే మాటను మనం ఇలా కూడా అంటాం: "తను మర్నాడు పుస్తకం తెస్తానని రాము అన్నాడు." 'నేను' కాస్తా 'తను' అయింది. 'రేపు' కాస్తా 'మర్నాడు' అయింది. కాని 'తెస్తాను' మాత్రం చెక్కుచెదరలేదు! తెచ్చేవాడు రాము అని చెబుతున్నది ఆ చివరి 'ను'యే. "తెస్తాడని రాము అన్నాడు" అని చూడండి. తెచ్చేవాడు మరెవరో అయిపోతాడు. అంటే తెలుగు సగం మారుస్తుంది, సగం రాము నోట వచ్చినట్టే ఉంచుతుంది.

ఇంగ్లీషులో 'దట్' ఉన్నది కదా, అది మన 'అని' వంటిదే కదా అని మీరు అనుకోవచ్చు. పొరపాటంతా అక్కడే వస్తున్నది. 'అని' సంచీ అయితే 'దట్' గుమ్మం. ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చే మాట తన వేషం మార్చుకుని రావాలి. వేషం మార్చకుండా ఉన్నదున్నట్టు తేవాలంటే ఇంగ్లీషులో కొటేషను గుర్తులు పెట్టాలి. అప్పుడు 'దట్' ఉండకూడదు.

కుడి ఏది, ఎడమ ఏది?

వేషం ఎందుకు మారాలో తెలియటానికి ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. మీ స్నేహితుణ్ణి మీకు ఎదురుగా, మీ వంక చూస్తూ నిలబడమనండి. తలుపు అతని కుడివైపున ఉండాలి. అతను, "తలుపు నా కుడివైపున ఉన్నది," అంటాడు. నిజమే. ఇప్పుడు అదే వాక్యాన్ని మీరు అక్షరం మార్చకుండా అనండి. అబద్ధమవుతుంది! తలుపు మీకు ఎడమవైపున ఉన్నది మరి. తలుపు కదలలేదు. చెప్పే మనిషి నిలబడిన చోటు మారింది.

'నేను', 'నువ్వు', 'రేపు', 'నిన్న', 'ఇక్కడ', 'ఇది' అనే మాటలన్నీ ఈ కుడి, ఎడమల వంటివే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి అన్నారో దాన్ని బట్టి వాటి అర్థం మారిపోతుంది. ఇండైరెక్ట్ స్పీచ్‌లో అవతలివాడి మాటను మన చోట నిలబడి మనం చెబుతున్నాం. కనక మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎవరు? ఎప్పుడు? ఎక్కడ? ఇంతే కిటుకు. తక్కినవన్నీ దీని పిల్లలే.

ఎవరు?

మాట అన్నవాడు 'ఐ' అంటే, అది అన్నవాడికి చెందుతుంది. 'యూ' అంటే, విన్నవాడికి చెందుతుంది. 'హీ', 'షీ', 'దే' అంటే మామూలుగా మార్పుండదు.

సీత సెడ్ టు మీ, "ఐ లైక్ యువర్ పెన్."
సీత టోల్డ్ మీ దట్ షీ లైక్‌డ్ మై పెన్.

ఇష్టపడింది సీత, కనక 'షీ'. పెన్ను నాది, కనక 'మై'. 'సెడ్ టు మీ' అన్నది 'టోల్డ్ మీ' అయింది, గమనించారా? 'టోల్డ్' తరవాత విన్నవాడెవరో వెంటనే చెప్పాలి. 'టోల్డ్ దట్' అనకండి. 'సెడ్ మీ' అని అసలే అనకండి.

ఎప్పుడు?

రాము ఆ మాట అన్నప్పుడు అది వర్తమానం. మనం చెప్పేనాటికి అది గడిచిపోయింది. అందుచేత క్రియ ఒక మెట్టు వెనక్కు దిగుతుంది. 'యామ్', 'ఈజ్' అన్నవి 'వాజ్' అవుతాయి. 'ఆర్' అన్నది 'వర్' అవుతుంది. 'హావ్', 'హాజ్' అన్నవి 'హాడ్' అవుతాయి. 'విల్' అన్నది 'వుడ్', 'కెన్' అన్నది 'కుడ్', 'మే' అన్నది 'మైట్' అవుతాయి. "ఐ లాస్ట్ మై పెన్" అని అప్పటికే గడిచినదాన్ని చెబితే అది ఇంకొక మెట్టు దిగి "హీ హాడ్ లాస్ట్ హిజ్ పెన్" అవుతుంది.

ఇలా మెట్టు దిగటానికి 'బ్యాక్ షిఫ్టింగ్' అనే పేరు వాడినవాడు ఓటో యెస్పెర్సన్ అనే పండితుడు. ఈయన 1860లో పుట్టి 1943లో చనిపోయాడు. ఇంగ్లీషు వ్యాకరణం మీద ఏడు సంపుటాల గ్రంథం రాశాడు. తమాషా ఏమిటంటే, ఈయన ఇంగ్లీషువాడు కాడు, డెన్మార్కు దేశస్థుడు! ఇంగ్లీషు మన భాష కాదు గదా, మనకెలా వస్తుంది అని దిగులుపడేవాళ్ళు ఈయన్ను ఒకసారి తలుచుకోవాలి.

చెప్పే క్రియ గడిచిన కాలంలో లేకపోతే మెట్టు దిగే పని లేదు. "రాము సేస్, 'ఐ యామ్ హంగ్రీ'" అన్నదాన్ని "రాము సేస్ దట్ హీ ఈజ్ హంగ్రీ" అంటే చాలు. ఆకలి ఇప్పటిదే, చెప్పటమూ ఇప్పుడే.

అలాగే, ఎవరు ఎప్పుడు చెప్పినా నిజంగా ఉండేవాటిని కూడా దింపనక్కరలేదు. "ద టీచర్ సెడ్ దట్ ది ఎర్త్ మూవ్స్ రౌండ్ ద సన్." మేష్టారు పోయిన ఏడు చెప్పి ఉండవచ్చు, కాని భూమి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నది గదా! తేదీతో చెప్పిన చరిత్ర సంగతిని కూడా కదపరు: "ద టీచర్ సెడ్ దట్ ఇండియా బికేమ్ ఫ్రీ ఇన్ 1947."

ఎక్కడ?

'హియర్' అన్నది 'దేర్' అవుతుంది. 'దిస్' అన్నది 'దట్' అవుతుంది. కాలాన్ని చెప్పే మాటలు కూడా ఇలాగే దూరం జరుగుతాయి. 'నౌ' అన్నది 'దెన్', 'టుడే' అన్నది 'దట్ డే', 'ఎస్టర్‌డే' అన్నది 'ద డే బిఫోర్' అవుతాయి.

ఈ జాబితా మీ వ్యాకరణ పుస్తకంలో ఉంటుంది. మీ అమ్మా నాన్నా చదువుకున్న రెన్, మార్టిన్ గార్ల పుస్తకం ఇంట్లో ఉంటే అందులోనూ ఉంటుంది. ఆ రెన్‌గారు బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో పనిచేసినవాడు. 1924లో వచ్చిన 'బో జెస్ట్' అనే సాహసాల నవల రాసింది కూడా ఆయనే. వ్యాకరణం రాసినవాడు కథలు రాయలేడని ఎవరన్నారు?

అయితే జాబితాను గుడ్డిగా వల్లించకండి. రాము సోమవారం పొద్దున చెప్పిన మాటను మీరు సోమవారం సాయంత్రమే టీచరుగారికి చెబితే? రాముకు ఏది 'టుమారో' అయిందో మీకూ అదే 'టుమారో'. అప్పుడు "రాము సెడ్ దట్ హీ వుడ్ బ్రింగ్ ద బుక్ టుమారో" అనటమే సరి. రాము "హియర్" అన్న గదిలోనే నిలబడి మీరూ చెబుతుంటే 'హియర్' మార్చనక్కరలేదు. మీరు నిలబడిన చోటే అసలు సూత్రం. జాబితా దాని నీడ.

ప్రశ్నలు, ఆజ్ఞలు

ఇక్కడ మీకు తెలుగే తోడు వస్తుంది. "ఎక్కడికి వెళుతున్నావు?" అన్న ప్రశ్నను, "ఎక్కడికి వెళుతున్నానో అడిగాడు" అని మనం చెబుతాం. ఆ చివరి 'ఓ' రాగానే ప్రశ్న ప్రశ్నగా ఉండటం మానేసి మామూలు మాట అయిపోయింది. ఇంగ్లీషులోనూ అంతే. "వేర్ ఆర్ యూ గోయింగ్?" అన్నది "హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ గోయింగ్" అవుతుంది. 'వేర్ వాజ్ ఐ గోయింగ్' అనకూడదు. ప్రశ్నలో ముందుకు దూకిన క్రియ తిరిగి తన చోటికి వచ్చి కూచుంటుంది. ప్రశ్న గుర్తు ఎగిరిపోతుంది.

"వస్తావా?" అని అడిగితే? "వస్తానో లేదో అడిగాడు" అంటాం. ఆ 'ఓ లేదో' అన్నదే ఇంగ్లీషులో 'వెదర్', లేదా 'ఇఫ్'. "విల్ యూ కమ్?" అన్నది "హీ ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వుడ్ కమ్" అవుతుంది. ఈ ప్రశ్నల్లో 'దట్' జోలికి పోకండి.

"కూచో" అన్న మాటను "కూచోమన్నాడు" అంటాం. "పరుగెత్తకు" అన్నదాన్ని "పరుగెత్తవద్దన్నాడు" అంటాం. ఇంగ్లీషులో మొదటిదానికి 'టు', రెండోదానికి 'నాట్ టు' పెట్టాలి. "హీ టోల్డ్ మీ టు సిట్ డౌన్." "హీ టోల్డ్ మీ నాట్ టు రన్."

ఇక గొంతు సంగతి. మాటను మోసేటప్పుడు గొంతును మోసుకుపోలేం. ఆ పని క్రియ చెయ్యాలి. 'ప్లీజ్' అని అడిగితే 'రిక్వెస్టెడ్' అంటాం. డాక్టరు చెబితే 'అడ్వైజ్‌డ్' అంటాం. సేనాపతి చెబితే 'ఆర్డర్డ్' అంటాం. ఆనందంతో కేక వేస్తే 'ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ జాయ్' అంటాం. తెలుగులో బతిమాలాడు, గద్దించాడు, మందలించాడు అన్నట్టే ఇవి.

ఇక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. "కాస్త నీ సైకిలు ఇస్తావా?" అని కృష్ణ మెల్లగా అడిగాడనుకోండి. మీరు వెళ్ళి రాముతో, "నీ సైకిలు ఇమ్మని కృష్ణ ఆజ్ఞాపించాడు," అంటే ఏమవుతుంది? ఇద్దరికీ తగవు వస్తుంది. సర్వనామం, కాలం, చోటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క క్రియ తప్పింది. సగం తగాదాలు ఈ ఒక్క క్రియ దగ్గరే పుడతాయి.

మార్చకూడని చోటు

"రాము టోల్డ్ కృష్ణ దట్ హీ హాడ్ వన్." ఎవరు గెలిచారు? రామునా, కృష్ణనా? ఈ వాక్యం చెప్పదు! రాము "ఐ హావ్ వన్" అన్నా, "యూ హావ్ వన్" అన్నా ఇండైరెక్ట్‌లో 'హీ' ఒక్కటే మిగులుతుంది. తెలుగులో అయితే "తను గెలిచానని రాము కృష్ణతో అన్నాడు" అంటే చాలు, సందేహం ఉండదు. చూశారా, ఒక చోట ఇంగ్లీషు ఖచ్చితంగా ఉంటే మరొక చోట తెలుగు ఖచ్చితంగా ఉంటుంది. ఇలాంటప్పుడు ఇంగ్లీషులో పేరు చెప్పెయ్యాలి, లేదా అసలు మాటనే కొటేషను గుర్తుల మధ్య ఉంచాలి.

ఆ గుర్తులు పెట్టటమంటే ఒక మాట ఇవ్వటమే. "ఈ రెండు గుర్తుల మధ్య ఉన్నది అతని మాట. నేను ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు" అని దాని అర్థం. అందుకే పత్రికలవాళ్ళు వాటి విషయంలో జాగ్రత్తగా ఉండాలి. సరిగ్గా ఏ మాట అన్నారో ముఖ్యమయినప్పుడు డైరెక్ట్ వాడండి. ఏమన్నారో చెబితే చాలుననుకున్నప్పుడు ఇండైరెక్ట్ వాడండి. రెండింటిలోనూ అన్నవాడికి అన్యాయం జరగకూడదు.

మీరే చెయ్యండి

కింది జవాబులు చెయ్యి అడ్డం పెట్టి మూసి, వీటిని ఇండైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చండి.

1. సీత సెడ్, "ఐ యామ్ రీడింగ్ ఎ స్టోరీ."
2. ద బాయ్ సెడ్ టు మీ, "యువర్ బ్రదర్ హాజ్ వన్ ద రేస్."
3. గ్రాండ్‌మదర్ సెడ్ టు అస్, "డోంట్ ప్లే ఇన్ ద సన్."
4. ద టీచర్ సెడ్ టు రాము, "వై ఆర్ యూ లేట్?"
5. షీ సెడ్ టు మీ, "కెన్ యూ స్విమ్?"
6. ద టీచర్ సెడ్, "ఐస్ ఫ్లోట్స్ ఆన్ వాటర్."

జవాబులు

1. సీత సెడ్ దట్ షీ వాజ్ రీడింగ్ ఎ స్టోరీ.
2. ద బాయ్ టోల్డ్ మీ దట్ మై బ్రదర్ హాడ్ వన్ ద రేస్.
3. గ్రాండ్‌మదర్ టోల్డ్ అస్ నాట్ టు ప్లే ఇన్ ద సన్.
4. ద టీచర్ ఆస్క్‌డ్ రాము వై హీ వాజ్ లేట్.
5. షీ ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ కుడ్ స్విమ్.
6. ద టీచర్ సెడ్ దట్ ఐస్ ఫ్లోట్స్ ఆన్ వాటర్. మంచుగడ్డ ఇవాళ కూడా నీళ్ళ మీద తేలుతున్నది గనక మార్చలేదు.

ఆరూ సరిగ్గా వస్తే శభాష్! నాలుగు వచ్చినా ఫరవాలేదు. తప్పు వచ్చిన చోట జాబితా చూడకండి. "ఎవరు? ఎప్పుడు? ఎక్కడ?" అని మళ్ళీ వేసుకోండి. తప్పు దానంతట అదే కనిపిస్తుంది.

తలిదండ్రులకు ఒక మాట. రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు ఈ ఆట పెట్టండి. ఒకరు చెవిలో ఒక మాట చెప్పాలి. రెండోవారు దాన్ని అందరికీ ఇంగ్లీషులో చేరవెయ్యాలి. మొదటివారు విని, "అవును, నేనన్నది ఇదే," అంటేనే గెలుపు. అవతలివాడు "అవును" అనేటట్టు అతని మాట చెప్పటం వ్యాకరణంలో మార్కులకే కాదు, పెద్దయిన తరవాత కూడా అక్కరకు వస్తుంది.